తలకి దెబ్బ తగిలిందా? స్కాన్ బాగుందన్నాక కళ్ళ సంగతి ఎలా చూసుకోవాలి

మా బావ ఏప్రిల్‌లో సంగం నుంచి బుచ్చిరెడ్డిపాళెం వస్తూ వడ్ల మీద జారిపడ్డాడు. నెల్లూరు వైపు కోతలప్పుడు తిరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పేరుస్తారు, పొద్దుగూకాక ఆ రాళ్ళు కనపడవు. హెల్మెట్ ఉంది, కాకపోతే తల మీద లేదు, బండి అద్దానికి వేలాడుతోంది. నుదుటి మీద ఏడు కుట్లు పడ్డాయి. స్కాన్ తీశారు, మెదడులో ఏమీ లేదన్నారు. కళ్ళ చార్టు చదివించారు, రెండూ 6/6. మూడో రోజు ఇంటికి పంపేశారు.

వారం తర్వాత అక్క ఫోన్ చేసింది. "మీ బావ టీ చల్లారబోస్తుంటే గ్లాసులో పడట్లేదురా, పక్కన పోస్తున్నాడు." వెళ్ళి చూస్తే నిజమే. మేడ మెట్లు ఎక్కేటప్పుడు బాగానే ఎక్కుతున్నాడు, దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుని కాలితో తడుముకుంటున్నాడు. మాట్లాడేటప్పుడు తల ఎడమ భుజం వైపు వాల్చి ఉంచుతున్నాడు. మెడ పట్టేసిందని అందరం తీర్మానించి నూనె రాశాం. రెండు నెలలు రాశాం! చివరికి చెన్నైలో ఒక కంటి డాక్టర్ పది నిమిషాల్లో తేల్చారు, కుడి కన్నుకి వెళ్ళే నాలుగో నరం దెబ్బతిందని. ఆ నరం మెదడు వెనకవైపు నుంచి బయలుదేరి, చుట్టూ తిరిగి ముందుకొచ్చి, కన్నుని కిందికి తిప్పే కండరాల్లో ఒక్కదానికే వెళ్తుంది. సన్నటి నరం, తల లోపల చాలా దూరం నడవాలి, తల గట్టిగా అదిరితే నలిగిపోతుంది. స్కాన్‌లో చాలాసార్లు ఏమీ కనపడదు. తల వాలిస్తే రెండుగా కనపడేది ఒకటవుతుంది కాబట్టి బావ తనకి తెలియకుండానే తల వాలుస్తున్నాడు. మెడకి ఏమీ కాలేదు.

6/6 అంటే ఏంటో అప్పుడు అర్థమైంది. ఒక్కో కన్ను విడిగా ఆరు మీటర్ల దూరంలో అక్షరం చదవగలదా అన్నంతవరకే ఆ లెక్క. రెండు కళ్ళూ కలిసి ఒకేచోటికి తిరుగుతున్నాయా, పక్కల నుంచి వచ్చేది కనపడుతోందా, దగ్గరది చూసినప్పుడు కళ్ళు లోపలికి తిరుగుతున్నాయా అనేవి చార్టు చెప్పదు. తలలోంచి వచ్చే పన్నెండు జతల నరాల్లో ఆరు జతలకి కంటితో పని ఉంది, ఏది దెబ్బతిన్నా కష్టమే. అందుకే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, ఏది ఎప్పుడు చూడాలి, డాక్టర్‌కి ఏ మాటల్లో చెప్పాలి అన్నదే నేను చెప్పగలిగింది.

మొదటి గంట

కన్ను తర్వాత, ముందు మనిషి. 108కి ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయొద్దు, మనవాళ్ళకి ఈ అలవాటు ఎంతకీ పోదు. హెల్మెట్ పెట్టుకుని పడితే దాన్ని లాగి పీకొద్దు, మెడ కదలకుండా పట్టుకోండి.

కంటికే నేరుగా తగిలి ఉంటే, అంటే గుడ్డు చిట్లినట్టున్నా, పాప గుండ్రంగా లేకుండా నీటిబొట్టులా ఒక పక్కకి సాగినా, ఏదైనా గుచ్చుకున్నా, నొక్కొద్దు, కడగొద్దు, గుచ్చుకున్నది తీయొద్దు. (సున్నమో యాసిడో పడితే వెంటనే నీళ్ళతో కడుగుతూనే ఉండాలి, అది వేరే సంగతి.) టీ తాగే పేపర్ కప్పు అడుగు భాగం కోసి, కంటికి తగలకుండా చుట్టూ ఎముక మీద ఆనేలా బోర్లించి ప్లాస్టర్ వేయండి. చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోండి, రాయి తగిలి కింద పడ్డ మనిషికి తల నుంచి కారే రక్తమే కనపడుతుంది, కంట్లో దూరిన చిన్న ఇనుప రజను ఎవరికీ కనపడదు. చనుబాలు, ఆముదం, నందివర్ధనం పూల రసం, ఏదీ కంట్లో పోయొద్దు. పెద్దవాళ్ళు కోప్పడితే పడనీయండి.

మొదటి రెండు మూడు రోజులు: టార్చ్ పట్టుకోండి

ఇంటికి పంపించినా, ఆస్పత్రిలో వార్డులో ఉన్నా, పక్కనున్న మీరు చూడాల్సింది కంటిపాపల్ని. నల్లగుడ్డు మధ్యలో ఉండే చుక్క రెండు కళ్ళలో ఒకే సైజులో ఉందా? ఫోన్ టార్చ్ పక్క నుంచి తెచ్చి వేస్తే రెండూ చటుక్కున చిన్నవవుతున్నాయా? మన కళ్ళు ముదురు రంగు కాబట్టి వెలుతురు సరిగా లేకపోతే పాప అంచు తెలీదు, కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూడండి. ఎన్నిసార్లు చూడాలో, రాత్రి నిద్ర లేపి చూడాలో లేదో డిశ్చార్జ్ అప్పుడే డాక్టర్‌ని అడిగి రాయించుకోండి.

కొందరికి పుట్టుక నుంచే పాపలు కాస్త తేడాగా ఉంటాయి, పాత ఫోటో పెద్దది చేసి చూస్తే తెలుస్తుంది. కంటికి నేరుగా తగిలినా పాప పెద్దదైపోయి అలాగే ఉండిపోవచ్చు. కానీ కొత్తగా ఒక పాప పెద్దదై, దాంతోపాటు మనిషి మత్తుగా అవుతున్నా, తలనొప్పి పెరుగుతున్నా, పదే పదే వాంతులవుతున్నా, ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా, అది కంటి జబ్బు కాదు. తలలో రక్తం చేరి మెదడుని ఒక పక్కకి తోసి, పాపని చిన్నది చేసే మూడో నరాన్ని నొక్కుతుండవచ్చు. కంటి డాక్టర్ దగ్గరికి పోయి టైమ్ పాడు చేయొద్దు, స్కాన్, న్యూరోసర్జన్ రెండూ ఉన్నచోటికి పోవాలి. మొదట్లో బాగా మాట్లాడి, టిఫిన్ కూడా తిని, కొన్ని గంటల తర్వాత పడిపోయేవాళ్ళు ఉన్నారు. "ఇందాకే బాగున్నాడు కదా" అనుకోవద్దు. నెల్లూరులో దర్గామిట్ట పెద్దాసుపత్రి, ఒంగోలులో రిమ్స్, లేదా ప్రైవేటు, ఏదైనా సరే, అర్ధరాత్రి అయితే దారిలో ఉండగానే ఫోన్ చేసి న్యూరోసర్జన్ ఉన్నారో లేదో కనుక్కోండి. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చాక "వేరే చోటికి పొండి" అనిపించుకోవడం కంటే నయం.

కళ్ళకి దెబ్బ తగలకుండానే రెండు కళ్ళ చుట్టూ నల్లగా కమిలితే, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటిది కారితే, పుర్రె అడుగు భాగంలో చీలిక ఉండొచ్చు. జలుబనుకుని ముక్కు చీదొద్దు. కంటి కింద ఎముక విరిగినా ఇదే మాట. చీదితే గాలి కంటి చుట్టూ చేరి బెలూన్‌లా ఉబ్బుతుంది.

పిల్లల విషయంలో ఒక మెలిక ఉంది. కంటి కింద దెబ్బ తగిలి, కన్ను తెల్లగా మామూలుగానే ఉండి, పైకి చూడమంటే మాత్రం ఆ కన్ను పైకి లేవకపోతే, వాంతులు కూడా అవుతుంటే, విరిగిన ఎముక సందులో కండరం ఇరుక్కుపోయి ఉండొచ్చు. పెద్దవాళ్ళ ఎముక ముక్కలవుతుంది, పిల్లల ఎముక తలుపులా తెరుచుకుని మూసుకుంటుంది, ఇరుక్కున్న కండరం అందులో చచ్చిపోతుంది. దీనికి ఆపరేషన్ ఒకటి రెండు రోజుల్లోనే కావాలి. వాపు తగ్గాక చూద్దామనొద్దు.

ఇంకో మాట. రెటీనా, అంటే కన్ను లోపల వెనకవైపు పొర చూడటానికి కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేస్తారు కదా, మొదటి రోజుల్లో ఎవరైనా వేయబోతుంటే "తలకి దెబ్బ తగిలింది, న్యూరో డాక్టర్‌ని అడిగారా?" అని అడగండి. చుక్కలు వేశాక పాప పెద్దదైతే అది చుక్కల వల్లో లోపల రక్తం వల్లో ఎవరూ చెప్పలేరు.

వారం తర్వాత: ఇంట్లోనే చూసుకునేవి

వాపు తగ్గి, కుట్లు విప్పాక, ఒక పావుగంట కూర్చుని ఇవి చూడండి. నోటుపుస్తకంలో తేదీ వేసి రాయండి.

రెండుగా కనపడుతోందా అని అడగొద్దు, చాలామంది "కొంచెం మసగ్గా ఉంది" అనే అంటారు, మా బావా అదే అన్నాడు. దానికి బదులు గోడ మీద ట్యూబులైట్ చూడమనండి, తర్వాత వీధిలో కరెంటు స్తంభం చూడమనండి. ట్యూబులైట్ ఒకదాని కింద ఒకటి రెండు కనపడితే పైకిందుల తేడా. స్తంభం పక్కపక్కనే రెండు కనపడితే అడ్డంగా తేడా. ఇప్పుడు ఒక కన్ను మూయమనండి. ఏ కన్ను మూసినా రెండో బొమ్మ మాయమైపోతే, కళ్ళు రెండూ ఒకేవైపు తిరగట్లేదన్నమాట, అంటే నరమో కండరమో. ఒక కన్ను మూసినా ఇంకా రెండుగానే కనపడితే తేడా ఆ తెరిచి ఉన్న కంట్లోనే ఉంది, అద్దాల పవరు కావచ్చు, లెన్స్ కదిలి ఉండొచ్చు. ఈ ఒక్క ముక్క డాక్టర్‌కి చెప్తే సగం పని అయిపోతుంది.

తర్వాత తల కదపకుండా మీ వేలిని చూడమని, వేలుని కుడికి, ఎడమకి, పైకి, కిందికి తీసుకెళ్ళండి. ఏవైపు చూస్తే రెండింటి మధ్య దూరం ఎక్కువవుతోందో రాసుకోండి. దూరంగా ఉన్నవి అడ్డంగా రెండై, ఒక కన్ను బయటివైపుకి తిరగలేకపోతే ఆరో నరం. దగ్గర చదివేటప్పుడూ మెట్లు దిగేటప్పుడూ పైకింద రెండైతే నాలుగో నరం అయుండొచ్చు. రెప్ప వాలిపోయి, కన్ను బయటికీ కిందికీ జారినట్టుంటే మూడో నరం, పాప కూడా పెద్దదైతే వారం దాటినా సరే ఆరోజే ఆస్పత్రికి.

పెన్ను తీసుకుని చేయి చాచిన దూరం నుంచి మెల్లగా ముక్కు దగ్గరికి తెండి. ముక్కుకి జానెడు దూరంలోనే పెన్ను రెండైపోతుంటే, లేదా ఒక కన్ను పక్కకి జారిపోతుంటే, దగ్గరి చూపుకి కళ్ళు లోపలికి తిరగట్లేదు. తల అదిరినవాళ్ళలో ఇది చాలా మామూలు. పేపరు ఐదు నిమిషాలు చదివితే తలనొప్పి, ఒక లైను చదివి మళ్ళీ అదే లైనులోకి రావడం, అక్షరాలు ఈదుతున్నట్టుండటం దీనివల్లే. ఇంటర్ చదివే పిల్లలకి ఇలా అయితే "చదవకుండా ఎగ్గొట్టడానికి వేషాలు" అంటారు, పాపం.

ఎర్ర మూత పరీక్ష నాకు బాగా నచ్చింది. కూల్‌డ్రింక్ సీసా ఎర్ర మూత ఒకటి పట్టుకుని, ముందు ఒక కంటితో, తర్వాత రెండో కంటితో చూడమనండి. ఒక కంటికి కుంకుమలాగా, రెండో కంటికి వెలిసిపోయిన ఇటుకలాగా కనపడితే కంటి నరం, అంటే చూపుని మెదడుకి చేర్చే రెండో నరం నలిగి ఉండొచ్చు. కనుబొమ్మ మీద గట్టిగా తగిలినవాళ్ళలో ఇది జరుగుతుంది, బయటికి కన్ను చక్కగా ఉంటుంది. అదే రోజు డాక్టర్‌కి చూపించండి, స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయండని మాత్రం మీరు పట్టుబట్టొద్దు. తల గాయాలకి పెద్ద మోతాదు స్టెరాయిడ్ ఇస్తే చావులు పెరిగాయని 2004లో వచ్చిన క్రాష్ అనే పెద్ద పరిశోధనలో తేలింది, అందుకే డాక్టర్లు వెనకాడతారు.

పక్క చూపు కోసం ఎదురెదురుగా మీటరు దూరంలో కూర్చోండి. ఆయన ఒక కన్ను మూసి మీ ముక్కునే చూడాలి, మీరు నాలుగు మూలల నుంచి వేళ్ళు చూపించి ఎన్నో చెప్పమనండి. రెండో కన్నుకీ అలాగే. రెండు కళ్ళకీ ఒకే పక్క కనపడకపోతే కళ్ళు కాదు, మెదడులో చూపు దారి తెగింది. ఇంట్లో దీన్ని పట్టించేవి చిన్న గుర్తులు: తలుపు చెక్కకి ఎప్పుడూ ఒకే భుజం తగులుకోవడం, విస్తట్లో ఒకవైపు పచ్చడి ముట్టకుండా వదిలేసి "పచ్చడి వేయలేదేం?" అనడం.

చివరగా గట్టిగా కళ్ళు మూయమనండి. ఒక రెప్ప పూర్తిగా పడక తెల్లగుడ్డు కనపడుతుంటే అది ఏడో నరం. రాత్రంతా కన్ను ఎండిపోయి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. డాక్టర్ రాసిన తడి చుక్కలు పగలు, జెల్ రాత్రి, పడుకునేముందు రెప్ప మూసి మెత్తటి ప్లాస్టర్. స్పృహ లేకుండా ఐసీయూలో ఉన్న మనిషికీ ఇది కావాలి, సిస్టర్‌ని మర్యాదగా అడగండి.

నెలల తర్వాత వచ్చేవి

కొన్ని ఆలస్యంగా వస్తాయి. కంట్లో మెరుపులు, ఉన్నట్టుండి నల్ల చుక్కలు ఎక్కువవడం, ఒక పక్క నుంచి తెర దిగినట్టుండటం రెటీనా ఊడుతున్న గుర్తులు, ఆరోజే పోవాలి. దెబ్బ తగిలిన కొన్ని రోజులకో వారాలకో కన్ను ఎర్రబడి, ముందుకు పొడుచుకొచ్చి, చెవిలో నాడి కొట్టుకున్నంతసేపూ "ఉస్సు ఉస్సు" అని వినపడుతుంటే కళ్ళకలక చుక్కలు వేసుకుంటూ కూర్చోవద్దు. తలలో రక్తనాళం చిట్లి పక్క నాళంలోకి కలిసిపోయి ఉండొచ్చు, దానికి చేసే వైద్యమే వేరు. రక్తం పలచనయ్యే మాత్రలు వాడే అవ్వ, తాతల విషయంలో బాత్రూంలో చిన్నగా జారినా సరే, కొన్ని వారాల తర్వాత తలనొప్పి, మత్తు, తికమక వస్తే మళ్ళీ స్కాన్ తీయించండి.

ఎక్కడికి పోవాలి, ఏం చెప్పాలి

మామూలు అద్దాల షాపు పరీక్ష చాలదు. కంటి డాక్టర్లలో న్యూరో ఆఫ్తాల్మాలజీ, అంటే కంటి నరాల సంగతి చూసేవాళ్ళు వేరే ఉంటారు, లేకపోతే మెల్లకన్ను చూసే డాక్టర్ అయినా సరే. ముందు నెల్లూరు పొగతోటలో మీకు తెలిసిన కంటి డాక్టర్‌కి చూపించి ఉత్తరం రాయించుకోండి. నెల్లూరు వాళ్ళకి చెన్నై శంకర నేత్రాలయ, తిరుపతి అరవింద్, ఒంగోలు వాళ్ళకి విజయవాడ పక్కన తాడిగడపలో ఉన్న ఎల్వీ ప్రసాద్, ఇవి అందుబాటులో ఉన్నవి. పినాకిని ఎక్కినా అటు చెన్నైకీ ఇటు విజయవాడకీ పోవచ్చు. వెళ్ళేముందు అపాయింట్‌మెంట్ తీసుకోండి, చుక్కలు వేస్తే ఆ పూటంతా మసగ్గా ఉంటుంది కాబట్టి తోడు మనిషి ఉండాలి.

డాక్టర్ ముందు "కళ్ళు సరిగా కనపడట్లేదు సార్" అనొద్దు. "ఏప్రిల్‌లో తలకి దెబ్బ. రెండుగా కనపడుతోంది. పైకింద. ఒక కన్ను మూస్తే పోతుంది. మెట్లు దిగేటప్పుడు ఎక్కువ." ఇంతే చెప్పండి. పాత ఫోటోలు, ఇప్పటివి, తల ఎలా వాలుస్తున్నాడో చూపించే వీడియో ఫోన్‌లో ఉంచుకోండి. స్కాన్ రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, ఫిల్ములు కూడా తీసుకెళ్ళండి.

నయమయ్యేదాకా ఇంట్లో

తల అదిరినవల్ల వచ్చే వెలుతురు పడకపోవడం, మసక, చదివితే తలనొప్పి చాలామందికి మూడు నాలుగు వారాల్లో తగ్గుతాయి. నలిగిన నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఆరు నెలలైనా ఆగి, తేడా ఇక మారట్లేదని తేలాకే మెల్లకన్ను ఆపరేషన్ మాటెత్తుతారు. అప్పటిదాకా మాకు పనికొచ్చినవి ఇవి. పవరు లేని అద్దాలు కొని, ఒక అద్దం మీద స్టేషనరీ షాపులో దొరికే మసక టేపు అంటించడం. నల్ల గుడ్డ కంటే నయం, వెలుతురు లోపలికొస్తుంది, రెండో బొమ్మ మాత్రం కనపడదు. పెద్దవాళ్ళయితే ఒకరోజు ఒక కన్ను, మర్రోజు ఇంకో కన్ను మార్చుకోవచ్చు, చిన్నపిల్లలకి మాత్రం డాక్టర్‌ని అడగకుండా కన్ను మూయొద్దు, మూసిన కంటి చూపు మందగించిపోతుంది. తర్వాత రెండు బొమ్మల్ని ఒకటి చేసేలా అద్దానికి అంటించే ప్లాస్టిక్ ప్రిజం ఇచ్చారు. దాంతో బావ మొదటిసారి టీ సరిగ్గా గ్లాసులో పోశాడు, అక్క ఏడ్చింది.

మెట్ల అంచులకి పసుపు పెయింట్ గీత వేయండి. ఒక కన్ను మూసినప్పుడు లోతు తెలీదు కాబట్టి గ్లాసు అంచుకి గిన్నె ఆనించి పోయాలి. పొగాకు బ్యారన్‌లో పైకెక్కి కర్రలు అందుకోవడం, రొయ్యల గుంట గట్టు మీద రాత్రి నడవడం, బండి తోలడం, ఇవన్నీ డాక్టర్ సరేననేదాకా బంద్. వెలుతురు పడకపోతే టోపీ పెట్టుకోండి, ఎండలో చలవ అద్దాలు వాడండి, ఇంట్లో మాత్రం నల్ల అద్దాలు అలవాటు చేసుకోవద్దు, కళ్ళు చీకటికి అలవాటుపడి ఇంకా సతాయిస్తాయి. పెన్ను ముక్కు దగ్గరికి తెచ్చే వ్యాయామం దగ్గరి చూపు సమస్యకే పనికొస్తుంది, నరం పడిపోయినవాళ్ళు చేసినా తలనొప్పి తప్ప ఏమీ రాదు. యూట్యూబులో చూసి మొదలుపెట్టొద్దు.

కాగితాలు

రోడ్డు ప్రమాదమైతే ఆస్పత్రిలో ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు కాగితం రాయించండి. 2025లో కేంద్రం తెచ్చిన పథకం కింద గుర్తింపు ఉన్న ఆస్పత్రుల్లో మొదటి ఏడు రోజులకి లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం ఉంది, అడ్మిషన్ అప్పుడే అడగండి. ఎన్టీఆర్ వైద్యసేవ, అదే మనం ఇంకా ఆరోగ్యశ్రీ అంటున్నది, దాని వివరాలకి 104. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే లెక్క ప్రకారం 30 శాతమే వస్తుంది, లబ్ధికి 40 కావాలి.

మేము చేసిన తప్పు ఇక్కడే ఉంది. బావ డిశ్చార్జ్ కాగితంలో కుట్ల సంఖ్య ఉంది, బీపీ ఉంది, "కళ్ళు నార్మల్" అని ఉంది. రెండుగా కనపడటం గురించి మొదటి మాట రెండు నెలల తర్వాతి కాగితంలో వచ్చింది. బీమా వాళ్ళు ఆ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి "ఇది ఆ యాక్సిడెంట్‌లోదే అని ఏంటి రుజువు?" అన్నారు. అక్క ఫోన్‌లో తీసి నాకు పంపిన టీ వీడియో ఒకటి ఉండబట్టి సరిపోయింది, దాని మీద తేదీ ఉంది. మీరు మొదటి వారంలోనే, ఏ డాక్టర్ దగ్గరైనా సరే, "రెండుగా కనపడుతోందని చెప్పారు" అన్న ముక్క చీటీ మీద రాయించుకుని దాని ఫోటో తీసి పెట్టుకోండి.